బీరువాలో దొరికిన పాత పెద్ద నోట్లు: ఏది దాచాలి, ఏది వదిలేయాలి

హైదరాబాద్ మలక్‌పేట నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నాన్నగారు పోయాక ఆయన బీరువా లాకరులో ఒక కవరు దొరికింది. అందులో సెలో టేపు అంటించిన నిజాం కాలపు వంద రూపాయల సిక్కా నోటు ఒకటి, వెనక తంజావూరు గుడి బొమ్మ ఉన్న పాత వెయ్యి ఒకటి, 2016లో రద్దయిన వెయ్యి నోట్లు 14, నంబరులో 786 ఉన్న రెండు వేల నోటు ఒకటి ఉన్నాయి. కోఠిలో ఒకాయన అన్నిటికీ కలిపి ఒక రేటు చెప్పాడు. ఫోనులో ఇంకొకాయన 786 నోటు ఒక్కదానికే లక్షలు ఇస్తానంటున్నాడు. దాచుకోవాలా, అమ్మేయాలా? ముడతలు పోయేలా ఇస్త్రీ చేయించవచ్చా?

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆలస్యమైతే నష్టం అక్కడే జరుగుతుంది. ఇస్త్రీ వద్దు. తడి గుడ్డతో తుడవడం, రబ్బరుతో మరకలు చెరపడం, సెలో టేపు పీకడం, లామినేషన్ చేయించడం, ఇవేవీ వద్దు. ఈ వారం మీరు చేయాల్సింది ఒక్కటే. నోట్లను ఒక్కొక్కటిగా తెల్ల కాగితాల మధ్య పెట్టి ఒక అట్ట ఫైలులో ఉంచండి. రబ్బరు బ్యాండు ఉంటే తీసేయండి, అది కరిగి కాగితానికి అంటుకుంటుంది.

కోఠిలో చెప్పిన గంపగుత్త రేటు ఎంతైనా కానివ్వండి, దానికి అర్థం లేదు. మీ కవరులో ఉన్నవి నాలుగు వేర్వేరు చట్టాల కిందికి, నాలుగు వేర్వేరు మార్కెట్లలోకి వచ్చే వస్తువులు. ఒకటి ఇవాళ్టికీ చెల్లే డబ్బు. ఒకటి లెక్క మించితే జరిమానా పడే కాగితం. మిగతా రెండు సేకరణ వస్తువులు, వాటి విలువ వాటి ఒంటి తీరును బట్టి ఉంటుంది. నోటు మీద ముద్రించిన అంకె పెద్దదనో, నోటు పాతదనో ధర రాదు. ఆ రకం నోట్లలో మీ నోటు ఉన్నంత బాగా మిగిలినవి ఎన్ని, వాటిని కోరేవాళ్లు ఎందరు అన్నదే ధర.

ముందు 14 వెయ్యి నోట్ల సంగతి

విలువ తక్కువైనా తొందర పెట్టేవి ఇవే. 2016 నవంబరు 8 నాటికి చలామణిలో ఉన్న 500, 1000 రూపాయల నోట్లకు 2017లో ఒక ప్రత్యేక చట్టం వచ్చింది. దాని ప్రకారం, నోట్లు మార్చుకునే గడువు తర్వాత ఎవరైనా సరే, 500, 1000 రెండూ కలిపి మొత్తం 10 నోట్లకు మించి దగ్గర ఉంచుకోకూడదు. చదువు, పరిశోధన, నాణేల సేకరణ కోసమైతే 25 నోట్ల దాకా అనుమతి ఉంది. మించితే 10,000 రూపాయలు, లేదా ఆ నోట్ల ముఖ విలువకు అయిదు రెట్లు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది జరిమానా. మీ 14 నోట్లనూ లెక్కలోకి తీసుకుంటే అది 70,000. పైన ఉన్న నాలుగింటినే తీసుకున్నా 20,000.

చాలామంది పట్టించుకోని విషయాలు ఇందులో రెండున్నాయి. 1987లో వచ్చిన, వాటర్‌మార్క్‌లో అశోక స్తంభం కనిపించే పాత 500 నోటు కూడా ఈ పదింటి లెక్కలోకే వస్తుంది. అది వేరే కాలందని పక్కన పెట్టి లెక్కేసుకోవద్దు. ఇక రెండోది: చట్టం ఇచ్చిన మినహాయింపు దగ్గర ఉంచుకోవడానికే. ఇతరులకు బదిలీ చేయడం, తీసుకోవడం అనే మాటలు నిషేధంలోనే ఉన్నాయి. "పది దాకా అమ్ముకోవచ్చు" అని ఎవరైనా అంటే చట్టంలో ఆ మాట లేదు.

కాబట్టి మీరు నిజంగా సేకరణ చేస్తున్నవారైతే ఆల్బమ్, నోట్ల జాబితా, కొన్నవాటి బిల్లులు లాంటి ఆనవాళ్లు ఉంచుకోండి. అవేమీ లేకపోతే పదికి మించి ఉంచుకోకపోవడమే క్షేమం. అదనపు నాలుగింటిని ఏం చేయాలన్నది చిన్న ప్రశ్నలా కనిపించినా, తండ్రి ఆస్తి నలుగురు వారసులకు వచ్చినప్పుడు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయన్నది తేడా తెస్తుంది. వకీలును ఒకసారి అడగండి. పద్నాలుగు కాకుండా కట్టలు దొరికిన ఇళ్లయితే డీలర్ దగ్గరికి, పక్కింటివాళ్ల దగ్గరికి వెళ్లే ముందే వకీలును కలవాలి.

ఇక పద్నాలుగులో ఏ పది? ఈ శ్రేణి వెయ్యి నోటు 2000 సంవత్సరంలో మొదలైంది. మొదటివాటి మీద అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ బిమల్ జలాన్ సంతకం ఉంటుంది, వెనక సంవత్సరం ఉండదు. 2005 నుంచి వెనకవైపు అడుగున సంవత్సరం వేశారు. ఆ తర్వాత వై.వి.రెడ్డి, దువ్వూరి సుబ్బారావు, రఘురామ్ రాజన్ సంతకాలు వస్తాయి. సుబ్బారావు కాలం చివర్లో రూపాయి గుర్తు చేరింది. 2015లో నంబరు అంకెలు ఎడమ నుంచి కుడికి పెద్దవవుతూ పోయే పద్ధతి వచ్చింది. ఈ మెట్లలో ప్రతి మెట్టుకూ ఒక మంచి నోటు ఉండేలా ఏరుకోండి. నంబరు వెనక లేతగా అచ్చయిన చిన్న ఇంగ్లిషు అక్షరం ఉంటే అదీ చూడండి. అక్షరం మారితే సేకరించేవాళ్లకు అది వేరే రకం. ఒకే సంవత్సరం, ఒకే అక్షరం, నాలుగు మడతలు ఉన్న నోట్లను పది దాచడం వల్ల ఒరిగేదేమీ లేదు. అలాంటి వాడిన నోటుకు దాని ముఖ విలువ కూడా రాదు. కోట్ల సంఖ్యలో అచ్చయిన రకమిది. జ్ఞాపకంగా ఉంచుకోవాలనుకుంటే అది వేరే సంగతి.

రెండు వేల నోటు, 786

రెండు వేల నోట్లను 2023 మే 19న ఉపసంహరించారు కానీ రద్దు చేయలేదు. చట్టప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది. ఏ బ్యాంకు శాఖలోనైనా మార్చుకునే గడువు 2023 అక్టోబరు 7తో ముగిసింది. ఆ తర్వాత దేశంలోని 19 రిజర్వ్ బ్యాంకు కార్యాలయాలకు ఆ పని మిగిలింది. మనకు సైఫాబాద్‌లో, సెక్రటేరియట్ దగ్గర ఉన్నదే. గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకెళ్తే చాలు. కౌంటరులో మార్పిడికి ఒకసారికి 20,000 పరిమితి, ఖాతాలో జమకు ఆ పరిమితి లేదు. అంత దూరం వెళ్లలేనివాళ్లు పోస్టాఫీసు నుంచి పంపి ఖాతాలో జమ చేయించుకునే వీలూ కల్పించారు. చిరిగినా భయం లేదు. ఆ నోటు మొత్తం విస్తీర్ణం 109.56 చదరపు సెంటీమీటర్లు. అందులో 88 మిగిలి ఉంటే పూర్తి విలువ, 44 ఉంటే సగం ఇస్తారు.

అంటే ఈ నోటుకు కింద 2000 అనే గట్టి నేల ఉంది. ప్రశ్నల్లా దానికి మించి ఎంత వస్తుందన్నదే, అది 786 మీద ఆధారపడింది. ఒకసారి లెక్క వేద్దాం. నోటు నంబరులో ముందు అక్షరాల భాగం పోగా ఆరు అంకెలు మిగులుతాయి. పది లక్షల నంబర్లలో వరసగా 786 ఎక్కడో ఒకచోట వచ్చేవి 3,999. అంటే ప్రతి 250 నోట్లకు ఒకటి. బ్యాంకు కట్ట విప్పి రెండున్నర వందల నోట్లు లెక్కపెడితే సగటున ఒకటి తగులుతుంది. 786తో ముగిసేవి వెయ్యికి ఒకటి. 786786 మాత్రం పది లక్షల్లో ఒక్కటే. 000786 కూడా అంతే. అందుకే 786 ఎక్కడో మధ్యలో ఉన్న వాడిన నోటుకు లక్షలు అనే మాట ఒట్టి మాట. పాతబస్తీలో బరకత్ కోసం, అంటే శుభం కలగాలని, ఇష్టంగా ఓ నూరో రెండు నూర్లో ఎక్కువిచ్చి తీసుకునేవాళ్లు ఉంటారు, అది వేరే ముచ్చట. మీ నోటు పెళపెళలాడుతూ మడత లేకుండా ఉండి, 786786 లేదా 000786 అయితే దాచండి. కాకపోతే సైఫాబాద్ వెళ్లి ఖాతాలో వేసుకోండి. ఆ 2000 ఏడు శాతం వడ్డీకి పదేళ్లుంటే దాదాపు 3,930 అవుతుంది. మామూలు నంబరు నోటు పదేళ్లలో ఆ మేరకు పెరుగుతుందనుకోవడానికి కారణమేమీ లేదు.

నంబరు విషయంలో ఇంకో మాట. 111111, 000001, 123456, ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా చదివే 482284 లాంటి నంబర్లకు గిరాకీ ఉంది, కానీ నోటు కొత్తగా ఉంటేనే. మడత పడిన 111111కు ఇష్టపడేవాళ్లు దొరుకుతారు, మురికిపట్టిన దానికి అంత సులువుగా దొరకరు.

నోటును చూడటం ఎలా

మిగతా రెండింటికీ, అంటే సిక్కా నోటుకూ తంజావూరు వెయ్యికీ, అసలు పరీక్ష ఇక్కడుంది. అరగంట పని. కావలసినవి: పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం, సెల్‌ఫోన్ టార్చ్, మిల్లీమీటర్ల స్కేలు, చిన్న యూవీ టార్చ్. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గుడ్డ తొడుగులు వద్దు. వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చింపే ప్రమాదం ఎక్కువ.

గది చీకటి చేయండి. నోటును తెల్ల కాగితం మీద పరచి, టార్చ్‌ను బల్లకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. పై నుంచి చూస్తే కనిపించని మడతలన్నీ అప్పుడు చిన్న గట్లలా లేస్తాయి. నోటును తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి. నిలువు మడతలు ఒక వెలుగులో, అడ్డ మడతలు ఇంకో వెలుగులో బయటపడతాయి. లెక్కపెట్టండి. రెండు రకాలు వేరుచేయాలి. కాగితం వంగిందే తప్ప నార విరగనిది ఒక రకం. రంగు రాలి తెల్ల గీత పడినది గట్టి మడత. ఒక్క గట్టి మడత మూడు మెత్తటి వంపులకు సమానం అనుకోండి.

మడత లేకుండా, నాలుగు మూలలూ పదునుగా ఉంటే దాన్ని యూఎన్‌సీ అంటారు. మధ్యలో ఒక్క మెత్తటి వంపు ఉంటే ఏయూ. మూడు మెత్తటి వంపులు లేదా ఒక గట్టి మడత దాకా ఎక్స్‌ఎఫ్. మడతలు చాలా ఉన్నా కాగితం ఇంకా బిగువుగా ఉంటే వీఎఫ్. చేతిలో గుడ్డలా మెత్తబడితే ఫైన్, దాని కింద ఇంకా రెండు మూడు మెట్లున్నాయి. నోటు తీరుకు మార్కు వేసి సీలు చేసి ఇచ్చే గ్రేడింగ్ కంపెనీలు దీన్నే 70 అంకెల కొలతలో చెబుతాయి. 60 పైన యూఎన్‌సీ, 50 నుంచి 58 ఏయూ, 40, 45 ఎక్స్‌ఎఫ్, 20 నుంచి 35 వీఎఫ్. మెట్టు మారితే ధర కొద్దిగా కాదు, చాలాసార్లు రెట్టింపో సగమో అవుతుంది. ఇంట్లో దొరికిన నోటును మనం ఒక మెట్టు ఎక్కువే వేస్తాం. అందుకని మీకు తోచిన గ్రేడు నుంచి ఒకటి తగ్గించి ధర వెతకండి.

తర్వాత నోటును కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. వాటర్‌మార్క్ కాగితం లోపలే మెల్లగా వెలుగు నీడలుగా ఉండాలి. నకళ్లలో అది బూడిదరంగుతోనో తెల్లరంగుతోనో పైన అచ్చయి ఉంటుంది. వెలుగుకు అడ్డంపెట్టకుండానే కనిపిస్తే అనుమానించండి. అదే వెలుగులో సూది బెజ్జాలు, చిరుగులు, పల్చబడిన చోట్లు, వేరే కాగితంతో పూడ్చిన మూలలు తెలుస్తాయి. ఎడమ వైపు జంట బెజ్జాలు చూసి కంగారుపడకండి. మన దేశంలో 2001 నవంబరులో రిజర్వ్ బ్యాంకు వద్దనే దాకా బ్యాంకులు కట్టలకు స్టేపుల్ పిన్నులు కొట్టేవి. కాబట్టి పాత పెద్ద నోటుకు ఆ బెజ్జాలు మామూలే, గ్రేడింగ్ కంపెనీలు కూడా వాటిని ఆ రకంగానే చూస్తాయి. బెజ్జం చుట్టూ తుప్పు మరక ఉన్నా, పిన్ను లాగినప్పుడు కాగితం చీలినా మాత్రం ధర తగ్గుతుంది. నోటు మధ్యలో దండ గుచ్చినట్టు పడిన పెద్ద రంధ్రం వేరు, అది నష్టమే.

స్కేలుతో నాలుగు వైపులా కొలవండి. నలిగిన అంచును కత్తిరించి పదును చేసిన నోట్లు బజారులో చాలానే ఉన్నాయి. ఎదురెదురు వైపుల కొలతలు ఒకటి కాకపోయినా, ఒక వైపు తెల్ల అంచు మరీ సన్నగా ఉన్నా అదే సంగతి.

చివరగా యూవీ టార్చ్. నోటు కాగితం పత్తితో చేసింది, యూవీ వెలుగులో మసగ్గా, ముదురుగానే కనిపించాలి. నోటంతా నీలంగా మెరిస్తే రెండే అర్థాలు. ఒకటి, అది మామూలు జిరాక్సు కాగితం మీద వేసిన నకలు. రెండు, ఎవరో బట్టల పౌడరు నీళ్లలో ఉతికారు. ఆ పౌడరులోని తెల్లదనం పెంచే పదార్థం కాగితానికి అంటుకుపోయి అలా మెరుస్తుంది. ఉతికి ఇస్త్రీ చేసిన నోటు పై చూపుకి కొత్తగా ఉంటుంది కానీ వేలితో రాస్తే ఉబ్బెత్తు ముద్రణ చదునైపోయి తెలుస్తుంది. విరిగిన మడత దగ్గర తెల్ల గీత ఎంత ఇస్త్రీ చేసినా పోదు, దాని మీద మెరుపు మాత్రం అదనంగా వస్తుంది. ఇస్త్రీ వద్దని మొదట్లోనే చెప్పింది ఇందుకే. మడతలతో వీఎఫ్‌గా అమ్ముడయ్యే నోటు ఇస్త్రీ తర్వాత "సవరించిన నోటు" అనే ముద్రతో కింది మెట్టు ధరకు పడిపోతుంది.

భూతద్దం కింద అసలు నోటులో గీతలు తెగకుండా సాగుతాయి. ఇంక్‌జెట్, లేజర్ నకళ్లలో రంగు చుక్కచుక్కలుగా ఉంటుంది.

తంజావూరు వెయ్యి

పెద్ద నోట్లు మన దేశంలో మూడుసార్లు రద్దయ్యాయి: 1946 జనవరి, 1978 జనవరి, 2016 నవంబరు. 1938లో ఆరో జార్జి బొమ్మతో వచ్చిన 1,000, 10,000 నోట్లు మొదటిసారి పోయాయి. 1954లో 1,000, 5,000, 10,000 మళ్లీ వచ్చాయి. వెయ్యి మీద తంజావూరు బృహదీశ్వరాలయం, అయిదు వేల మీద గేట్‌వే ఆఫ్ ఇండియా, పది వేల మీద అశోక స్తంభపు సింహాలు. మొరార్జీ దేశాయి ప్రభుత్వం 1978 జనవరి 16న ఆ మూడింటినీ రద్దు చేసింది. మీది ఆ వెయ్యి.

దీని ధరను నిర్ణయించేది సంతకం. బి.రామారావు సంతకం ఉంటే అది 1954 తొలినాటిది, దొరకడం కష్టం. ఎస్.జగన్నాథన్ అయితే 1970ల మొదటి సగం. 1975లో ఎన్.సి.సేన్‌గుప్తా గవర్నర్‌గా ఉన్నది మూడు నెలలే. ఆయన వెనకే వచ్చిన కె.ఆర్.పురి సంతకం బజారులో ఎక్కువగా కనిపిస్తుంది. కొన్నింటి మీద జారీ చేసిన నగరం కూడా ఉంటుంది, ఫొటోలో అది కనబడేలా తీయండి.

ఈ నోటు దాచదగినదే. స్టేపుల్ బెజ్జాలు, మధ్యలో మడత ఉన్నా ఫరవాలేదు. మడత మీద చీలిందా లేదా అన్నది ముఖ్యం. పెద్ద సైజు కావడంతో జేబులో పెట్టడానికి నాలుగుగా మడిచేవాళ్లు. ఆ మడతలు కలిసే నడిమి చోట సూదిమొనంత రంధ్రం పడి ఉంటుంది. వెలుగుకు పెట్టినప్పుడు ముందు అక్కడే చూడండి. కానీ దీన్ని రిజర్వ్ బ్యాంకు మార్చదు. 1978 చట్టం కూడా చేతులు మారడాన్ని నిషేధించే మాటలతోనే ఉంది. వేలం సంస్థలు ఈ నోట్లను బాహాటంగా అమ్ముతూనే ఉన్నాయి. అయినా రోడ్డు పక్కన చేతికి చేయి బేరం కాకుండా, బిల్లు ఇచ్చే వేలం సంస్థ ద్వారా, వాళ్ల షరతులు కాగితం మీద చూసుకున్నాకే వెళ్లండి.

మరొకటి. ఎవరింట్లోనైనా అయిదు వేలు, పది వేల నోటు దొరికిందంటే ముందు నకలే అనుకోవాలి. అసలైనవి వేళ్లమీద లెక్కపెట్టేంత అరుదు. గుర్తుగా అమ్మిన రంగుల నకళ్లు మాత్రం దేశమంతా ఉన్నాయి.

సిక్కా నోటు

నిజాం సంస్థానం 1918లో సొంత నోట్లు మొదలుపెట్టింది. తొలుత 10, 100, వెంటనే 1, 5, తర్వాత 1926లో 1000 రూపాయల నోటు. తొలినాళ్లలో లండన్‌లోని ‘వాటర్‌లో అండ్ సన్స్’ అనే కంపెనీ అచ్చువేసేది. ఇంట్లో పెద్దవాళ్లు "సిక్కా వందా, కల్దార్ వందా" అని అడిగేది దీని గురించే. సిక్కా అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. వంద కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల సిక్కా (అణాకు 12 పైలు), అంటే ఆరు కల్దార్‌కు ఏడు సిక్కా. నోటు మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ, ఇంగ్లిషుల్లో విలువ ఉంటుంది. తేదీ ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే దాదాపుగా ఇంగ్లిషు సంవత్సరం. ఉదాహరణకు 1327 అంటే 1917-18.

దీనికీ సంతకమే కీలకం. హైదర్ నవాజ్ జంగ్, అంటే అక్బర్ హైదరీ, మెహదీ యార్ జంగ్, లియాఖత్ జంగ్, గులాం మహమ్మద్, జాహిద్ హుస్సేన్ వంటి ఆర్థిక మంత్రుల సంతకాలు ఈ నోట్ల మీద ఉన్నాయి. గులాం మహమ్మద్ తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు, జాహిద్ హుస్సేన్ అక్కడి స్టేట్ బ్యాంకుకు మొదటి గవర్నర్. ఒకే రకం నోటు, సంతకం మారితే ధర మారుతుంది. ఉర్దూ చదవగలిగిన ఒక్కరిని పక్కన కూర్చోబెట్టుకుంటే తేదీ, సంతకం రెండూ పది నిమిషాల్లో తేలిపోతాయి.

సంతకమే లేకుండా, నీటి మరకలతో ఉన్న సిక్కా నోటు కనిపిస్తే పారేయకండి. 1922 మేలో ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగిన ఈజిప్ట్ అనే ఓడలో ఈ సంస్థానానికి పంపుతున్న నోట్లు కూడా ఉన్నాయి. పదేళ్ల తర్వాత బంగారం కోసం దిగినవాళ్లు వాటినీ పైకి తెచ్చారు. మరకే వాటికి గుర్తింపు.

మీ నోటుకున్న సెలో టేపు సంగతి. టేపు జిగురు ఏళ్ల తరబడి కాగితంలోకి ఇంకి పసుపు పట్టీ అవుతుంది. పీకితే పై పొర, రంగుతో సహా, దానితో పాటు వస్తుంది. పెట్రోలు, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం లాంటివి పూస్తే ఇంకు కారుతుంది. తీయాల్సి వస్తే పాత కాగితాలను బాగుచేసే నిపుణుడే తీయాలి. ఆ ఖర్చు నోటుకు గిట్టుబాటు అవుతుందా అన్నది సంతకం తెలిశాకే చెప్పగలం. పెద్ద నోట్ల రద్దు చట్టాలు దీనికి వర్తించవు. మీ కవరులో నిశ్చింతగా దాచగలిగిందీ, కావాలంటే అమ్మగలిగిందీ ఇదే. టేపు ఉన్నా నా ఓటు దీనికే. సైఫాబాద్ మింట్ కాంపౌండ్‌లో 2022లో తెరిచిన మ్యూజియం ఒకసారి చూస్తే ఆనాటి హైదరాబాద్ సిక్కా కథ కళ్లకు కడుతుంది.

ధర తెలుసుకోవడం, మోసాలు

ఇంటర్నెట్‌లో ఎవరో "పది లక్షలు" అని పెట్టినది అడిగిన ధర, అమ్మిన ధర కాదు. వేలం సంస్థల వెబ్‌సైట్లలో పాత వేలాల ఫలితాలు ఉంటాయి. నోట్లకు పిక్ నంబరు అనే అంతర్జాతీయ క్రమసంఖ్య ఉంది, హైదరాబాద్ నోట్లది ఎస్ అక్షరంతో మొదలవుతుంది. అదే నంబరు, అదే సంతకం, అదే గ్రేడు ఉన్న అమ్మకాలు మూడు నాలుగు వెతికి మధ్యస్థంగా తీసుకోండి. దాని మీద కొన్నవాడు ఇచ్చే అదనపు రుసుము, మీరిచ్చే కమిషన్ రెండూ పోతే మీకు మిగిలేది తెలుస్తుంది. అబిడ్స్, కోఠి డీలర్ అంతకంటే తక్కువే చెబుతాడు. అది మోసం కాదు, అతనికి నోటు అమ్ముడయ్యే దాకా డబ్బు ఇరుక్కుంటుంది. మూడు చోట్ల అడగండి, నోటును ఎక్కడా వదిలి రాకండి. గ్రేడింగ్ కంపెనీతో మార్కు వేయించి సీలు చేయించడం తంజావూరు వెయ్యికి ఆలోచించదగినదే. 2016 వెయ్యికి, మామూలు రెండు వేలకు రుసుమే నోటు ధరను మించుతుంది.

786 నోటుకు లక్షలిస్తానన్న ఫోను గురించి. ఈ మోసం నడిచే క్రమం ఎప్పుడూ ఒకటే. ముందు నోటు ఫొటో అడుగుతారు, పెద్ద రేటు చెబుతారు, రిజర్వ్ బ్యాంకు ముద్రలున్న ఉత్తరం వాట్సాప్‌లో పంపుతారు. తర్వాత "రిజిస్ట్రేషన్", "జీఎస్టీ", "ఎన్‌ఓసీ" అంటూ చిన్న మొత్తాలు కట్టించుకుంటారు, ఒక్కోటి కట్టాక ఇంకోటి పుడుతుంది. పాత నోట్లు, నాణేల అమ్మకానికి తాము ఎలాంటి రుసుమూ కమిషనూ తీసుకోమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో స్పష్టంగా ప్రకటించింది. అమ్మేవాడు ముందుగా డబ్బు కట్టాల్సిన బేరమేదీ ఉండదు. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

దాచేటప్పుడు

స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు, ముక్కుకు వాసన వచ్చే రకం, పీవీసీవి. వాటిలోంచి జిడ్డు కారి ఇంకుకు అంటుకుంటుంది. పాలిస్టర్ కవర్లు కొనండి, గలగలమని చప్పుడు చేస్తాయి, వాసన ఉండదు. నోటుకు రెండు వైపులా కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉండే సైజు చూడండి, ఇరికించి తోస్తే మూల వంగుతుంది. మన ఊళ్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా తేమే శత్రువు. ఫైలున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, అది నోటుకు తగలకుండా చూసి, వానాకాలం మధ్యలో ఒకసారి మార్చండి. గోడకు ఆనించిన బీరువా వెనక అర వద్దు, చెమ్మ ముందు అక్కడే చేరుతుంది, చెదలూ అక్కడి నుంచే వస్తాయి. నాఫ్తలీన్ గోళీలు ఆ డబ్బాలో వేయకండి. బ్యాంకు లాకరైతే ఆరు నెలలకోసారి తెరిచి గాలి తగలనివ్వండి.

సిక్కా నోటు, తంజావూరు వెయ్యి ఎంత పలుకుతాయో చెప్పాలంటే ఈ ఫొటోలు కావాలి: రెండు వైపులా, స్కేలు పక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో; పక్క వెలుగులో ఒకటి; కిటికీకి ఎదురుగా పట్టి ఒకటి; సంతకం, తేదీ దగ్గరగా ఒకటి. బయట ఎక్కడైనా పెట్టేటప్పుడు నంబరులో చివరి మూడంకెలు మూసేయండి, లేకపోతే మీ నోటు ఫొటోతోనే ఇంకొకరికి అమ్మకం పెడతారు.